పిల్లల రాతల్లో ఇంటిపేరు దాచితే సరిపోదు

పిల్లల రాతలను ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా పెట్టే తరగతి బ్లాగు మొదలుపెట్టే టీచర్లు ముందుగా పిల్లల ఇంటిపేర్లు తీసేస్తారు. మంచి పనే. చాలాచోట్ల జాగ్రత్త అక్కడితోనే ఆగిపోవడం నన్ను కలవరపెడుతోంది.

ఒక అమ్మాయి రాతలు ఊహించుకుందాం. మొదటి పోస్టులో తన కుక్కపిల్ల గురించి, దాని ముద్దుపేరు గురించి రాసింది. రెండు వారాల తర్వాత, రోజూ సాయంత్రం 5 గంటలకు ఈతకు వెళ్తానంది. ఇంకోసారి, అమ్మకు నైట్ డ్యూటీ కాబట్టి రాత్రిళ్లు ఇంట్లో అన్నయ్యా తానే ఉంటామని చెప్పింది. విడివిడిగా చూస్తే దేన్నీ తప్పు పట్టలేం. అన్నీ వరసపెట్టి చదివిన అపరిచితుడికి మాత్రం ఆ పాప దినచర్య మొత్తం తెలిసిపోతుంది. కుక్కపిల్ల పేరుతో మాట కలిపితే తెలిసినవాళ్లే అనుకుని పాప నమ్మేస్తుంది కూడా.

అందుకే కొత్త పోస్టును అనుమతించే ముందు టీచర్ ఆ విద్యార్థి పాత పోస్టులూ ఒకసారి తిరగేయాలి. ఇది టైమ్ తినే పని. 40 మంది ఉన్న తరగతిలో ప్రతి వారం అందరి రాతలూ పెట్టాలని నియమం పెట్టుకుంటే అసలు కుదరదు. వారానికి ఐదారే పెట్టినా ఫరవాలేదు, శ్రద్ధగా చదివి పెట్టాలి. బయటి నుంచి వచ్చే కామెంట్లూ టీచర్ చూశాకే కనిపించేలా సెట్టింగ్ ఉండాలి.

ఫోన్‌ కెమెరాకు లొకేషన్ అనుమతి ఇచ్చి ఉంటే, ఫొటో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఆ ఫైల్‌లోనే నమోదవుతుంది. బ్లాగులోకి ఎక్కించేటప్పుడు అది దానంతటదే పోతుందన్న భరోసా లేదు. కెమెరాకు ఆ అనుమతి తీసేసి, పిల్లల ముఖాలకు బదులు వాళ్లు గీసిన బొమ్మలు పెడితే ఈ టెన్షనే ఉండదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 13 ఏళ్లలోపు పిల్లల వివరాలను వెబ్‌సైట్లు సేకరించాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని అమెరికా 1998లోనే కోప్పా చట్టం చేసింది. 2018లో అమల్లోకి వచ్చిన ఐరోపా సమాఖ్య డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ఆ వయసును 16గా పెట్టి, 13 వరకు తగ్గించుకునే వీలు సభ్యదేశాలకు ఇచ్చింది. భారత్ 2023లో చేసిన డేటా చట్టం ప్రకారం 18 నిండనివాళ్లంతా పిల్లలే. అయితే ఈ చట్టాల చూపు ప్రధానంగా కంపెనీలు సేకరించే సమాచారం మీదే ఉంటుంది. పాప తన వ్యాసంలో తానే చెప్పేసిన సంగతిని పట్టుకోవాల్సింది టీచరే.

ఇంత తలనొప్పి ఎందుకు, పాస్‌వర్డ్ పెట్టి బ్లాగు మూసేస్తే పోలేదా అని అడిగేవాళ్లున్నారు. చిన్న తరగతులకు అదే మేలు. కానీ పెద్ద పిల్లలకు తెలియని పాఠకుడు చదువుతాడన్న ఉత్సాహమే ఒక్కో వాక్యాన్ని రెండుసార్లు దిద్దిస్తుంది. దాన్ని తీసేస్తే మిగిలేది మరో హోంవర్కు. వాళ్లకు కలంపేర్లు ఇవ్వండి. ప్రమాదకరమైన వాక్యం కనిపిస్తే మీరే కొట్టేయకుండా పక్కన కూర్చోబెట్టుకుని, 'ఇది చదివి ఎవరైనా నిన్ను వెతుక్కుంటూ రాగలరా?' అని అడగండి. ఆ పాపే 'సాయంత్రం 5 గంటలకు' తీసేసి 'ఈత నేర్చుకుంటున్నాను' అని దిద్దుకుంటుంది. వ్యాసానికి పోయేదేమీ లేదు.

ఏడాది ముగిశాక బ్లాగును అలాగే వదిలేయడం మరో పెద్ద పొరపాటు. వేబ్యాక్ మెషిన్ లాంటి భాండాగారాలు వెబ్ పేజీల నకళ్లను దాచి ఉంచుతాయి కాబట్టి, ఆలస్యమయ్యేకొద్దీ తొలగించడం కష్టమవుతుంది. తల్లిదండ్రులు ఏడాది మొదట్లో సంతకం చేసి ఉండొచ్చు, రాసింది మాత్రం పిల్లలు. ఆఖరి వారంలో ఎవరి రాతలు వాళ్ల చేతికిచ్చి, ఏది ఉంచాలో ఏది తీసేయాలో వాళ్లనే అడిగి, తీసేయమన్నవి ఆ రోజే తీసేయాలి.