కొండ మీద గైడు మాట, జేబులో రిటర్న్ టికెట్

సంక్రాంతి అయ్యాకో, వేసవి సెలవుల్లోనో విజయవాడ నుంచి హిమాలయాలకు ట్రెక్కింగుకి వెళ్లడం ఇప్పుడు వింతేమీ కాదు. కానీ ప్యాకేజీ మాట్లాడుకునేటప్పుడు మనం అడిగేవి మాత్రం కాశీయాత్ర బస్సు ఎక్కే ముందు అడిగే ప్రశ్నలే. వెజ్ భోజనం ఉంటుందా, టెంటుకి ఎంతమంది, వేడినీళ్లు ఇస్తారా? ‘దారిలో ఎవరికైనా బాగోకపోతే ఆగడానికి ఒక రోజు అదనంగా ఉందా?’ అని అడిగేవాళ్లు అరుదు. నన్నడిగితే, ముందు తేల్చుకోవాల్సింది అదే.

బాగా పేరున్న కేదార్‌కంఠ ట్రెక్‌నే చూడండి. అది మొదలయ్యే, ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లా సాంక్రీ గ్రామం సుమారు 6,400 అడుగుల ఎత్తులో ఉంటే, శిఖరం 12,500 అడుగులు (దాదాపు 3,800 మీటర్లు). మామూలు ప్యాకేజీల్లో రెండు మూడు రోజుల్లో పైకి చేర్చేస్తారు. మన బెజవాడ సముద్ర మట్టానికి పాతిక మీటర్లు కూడా ఉండదు. ఆ శిఖరం మీద గాలి ఒత్తిడి ఇక్కడున్న దాంట్లో దాదాపు మూడింట రెండు వంతులే. 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం ఎవరికైనా రావచ్చు. రోజూ ఇంద్రకీలాద్రి మెట్లెక్కినా, ఆదివారాలు కొండవీడు చుట్టి వచ్చినా కాళ్లు గట్టిపడతాయి, ఆయాసం తగ్గుతుంది, అంతే. ఎత్తుకు వెళ్లినప్పుడు వచ్చే ఈ మౌంటెన్ సిక్‌నెస్‌ను ఫిట్‌నెస్ ఆపలేదు. పైగా ఫిట్‌గా ఉన్నవాళ్లే గబగబా ఎక్కేసి, తలనొప్పి వచ్చినా పరువు కోసం బయటకు చెప్పరు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదనేది వైద్యులు చెప్పే లెక్క. ఈ ఇబ్బంది రాకుండా డయామాక్స్ మాత్ర వాడేవాళ్లున్నారు, డాక్టరును అడిగి వాడితే మంచిదే. కానీ లక్షణాలు ముదిరితే కిందికి దిగడమే అసలు మందు.

ఇదంతా గైడుకి తెలుసు. చిక్కంతా మన రైలు టికెట్‌తోనే. ఢిల్లీకి ఒక పగలూ రాత్రీ దాటిన ప్రయాణం, అక్కడి నుంచి డెహ్రాడూన్, ఆపైన సాంక్రీకి దాదాపు రోజంతా జీపు. తిరుగు ప్రయాణం బెర్తు 60 రోజుల ముందే బుక్ చేసి పెట్టుకుంటాం. అంత కష్టపడి దొరికించుకున్న కన్ఫర్మ్ టికెట్‌ను ఎవరు వదులుకుంటారు! వాతావరణం బాగోలేదు, ఇవాళ ఆగుదామని గైడు అంటే ‘ఇంత దూరం వచ్చి, ఇంత ఖర్చు పెట్టి!’ అని గుంపులో ఒకరు అననే అంటారు. అతను ఆ చుట్టుపక్కల ఊళ్ల కుర్రాడు. మనమిచ్చే రేటింగుతోనే అతని వచ్చే సీజన్ నడవాలి. భయ్యా, భయ్యా అంటూనే మాట మార్పించేస్తాం.

2024 జూన్‌లో ఉత్తరకాశీ జిల్లాలోని సహస్ర తాల్ సరస్సుకు వెళ్లే ట్రెక్ దారిలో 22 మంది బృందం మంచు తుఫానులో చిక్కుకుంది. తొమ్మిది మంది చనిపోయారు. మిగిలినవాళ్ల కోసం హెలికాప్టర్లు వెళ్లాల్సి వచ్చింది. ఆ బృందంలోనూ స్థానిక గైడ్లున్నారు. అంటే గైడును పెట్టుకున్నాం కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు.

అందుకే అడ్వాన్సు కట్టే ముందే కొన్ని విషయాలు కాగితం మీద రాయించుకోవాలి. వెనక్కి తిప్పే నిర్ణయం పూర్తిగా గైడుదేనా? దిగిపోవాల్సి వస్తే మిగతా రోజుల డబ్బు సంగతేంటి? బాగోలేనివాళ్లతో కిందికి వెళ్లడానికి రెండో గైడు ఉంటాడా? ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్‌లో పర్వతారోహణ కోర్సులు చేసినవాళ్లు ఉంటారు, మనకిచ్చే గైడు అలాంటివాడేనా అని అడగడానికి మొహమాటం ఎందుకు? అదనపు రోజుకు కాస్త ఎక్కువ తీసుకున్నా అలాంటి ప్యాకేజీయే నయం. గోంగూర పచ్చడీ, గుంటూరు కారప్పొడీ ఎలాగూ మనమే మోసుకెళ్తాం కాబట్టి మెనూ దగ్గర బేరమాడుకోవచ్చు.

సెలవు దొరకదు, అదనపు రోజు కుదరదు అనేవాళ్లకు ముస్సోరీ దగ్గర నాగ్ టిబ్బా శిఖరం ఉంది. ఎత్తు 3,022 మీటర్లే. కిందికి దిగాల్సి వచ్చినా ట్రెక్ మొదలయ్యే పంత్వారీ గ్రామం ఎంతో దూరం కాదు.