నచ్చలేదంటే చాలదా, శాస్త్రం ఎందుకు?

కచేరీ అయ్యాక బయట చెప్పులు వెతుక్కుంటూ జనం మాట్లాడుకునే మాటలంటే నాకు కచేరీ అంత ఇష్టం. "గొంతు బాగుంది గానీ, తోడి రాగంలో గాంధారం అలా పట్టకూడదండీ" అంటాడొకాయన. పక్కాయన గంభీరంగా తలాడిస్తాడు. నిజానికి మొదటాయనకు ఆ పాట నచ్చలేదు, అంతే. ఆ మాటే అనేస్తే మామూలు శ్రోత అయిపోతాడు. గాంధారం లాంటి స్వరం పేరెత్తితే విద్వాంసుల్లో లెక్క. సినిమా పాట దగ్గర మనకు ఈ బాధ లేదు, "నాకెక్కలేదు" అనేసి టీ తాగుతాం. శాస్త్రీయ సంగీతానికి వచ్చేసరికి ఇష్టాయిష్టాలకు కూడా సర్టిఫికెట్ కావాలి.

శ్రుతి తప్పితే తప్పినట్టే, తాళం జారితే జారినట్టే. అందులో వాదించడానికేమీ లేదు. కానీ మనం శాస్త్రం పేరుతో పోట్లాడుకునే మిగతా విషయాల్లో చాలావరకు ఒకప్పటి శ్రోతల, గాయకుల ఇష్టాలే.

"నగుమోము గనలేని" సంగతి చూడండి. త్యాగరాజ కృతుల్లో దీన్ని వినని తెలుగువాళ్లు అరుదు. రాగం ఆభేరి. ముత్తుస్వామి దీక్షితుల "వీణాభేరీ" కూడా ఆభేరే, కానీ అందులో పలికేది శుద్ధ ధైవతం, అంటే కాస్త కింది స్థాయి "ద". నగుమోమును ఇవాళ దాదాపు అందరూ పాడేది చతుశ్రుతి ధైవతంతో, అంటే అంతకన్నా పై స్థాయి "ద"తో. స్వరం ఒక్కటి మారితే రాగమే మారిపోతుందని పిల్లలకు మొదట్లోనే చెబుతాం కదా, ఇక్కడ సరిగ్గా అదే జరిగింది. ఇరవయ్యో మేళంలో (రాగాల మూల వర్గాన్ని మేళమంటారు) ఉండాల్సిన రాగం ఇరవై రెండోదైన ఖరహరప్రియ కిందికి వచ్చి కూర్చుంది. ఇప్పుడు మనం వింటున్నదాన్ని కర్ణాటక దేవగాంధారి అనాలని చెప్పేవాళ్లూ ఉన్నారు. లక్షణం, అంటే రాగానికి శాస్త్రం చెప్పిన నియమం, పట్టుకుని చూస్తే వాళ్ల మాటే నిజం. అయినా ఎవరూ వెనక్కి వెళ్లలేదు. తమిళ గాయకుడు ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ గ్రామఫోన్ రికార్డు ఈ వరసను ఇళ్లలోకి తెచ్చింది. హిందుస్తానీ రాగం భీంపలాసికి దగ్గరగా ఉండే ఆ తీపి చెవులకు పట్టేసింది. జనం ఇష్టపడ్డారు, రాగం మారింది, పేరు మాత్రం పాతదే మిగిలింది. ఇవాళ ఎవరైనా శుద్ధ ధైవతంతో పాడితే "ఇదేంటి, తప్పు పాడుతున్నారు" అనుకునేవాళ్లే ఎక్కువ.

కచేరీ పద్ధతి కూడా అంతే. ముందు వర్ణం, తర్వాత చకచకా కొన్ని కృతులు, నడుమ ఒక పెద్ద రాగం, మృదంగం వాళ్లు విడిగా వాయించే తని ఆవర్తనం, చివర్లో తేలికపాటి తుక్కడాలు. (తని మొదలవగానే సగం హాలు కాఫీకి లేవడం కూడా సంప్రదాయంలో భాగమే అనుకోవాలి.) సనాతనమనుకుంటున్న ఈ వరస ఇప్పుడున్న రూపానికి వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలో, ముఖ్యంగా గాయకుడు అరియకుడి రామానుజ అయ్యంగార్ చేతుల్లో. ఆయన 1890లో పుట్టి 1967లో పోయారు. అంటే ఆయన కచేరీలు స్వయంగా విన్నవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు.

మన ఇష్టాన్ని శాస్త్రం వెనక దాచడంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ విషయంలో జరిగినంత గొడవ ఇంకెక్కడా జరగలేదేమో. ఆయన మహతి, లవంగి లాంటి నాలుగు స్వరాల రాగాలు కట్టారు. రాగమంటే కనీసం ఐదు స్వరాలుండాలి కదా అని అభ్యంతరం. వీణ ఎస్. బాలచందర్ బాహాటంగానే వ్యతిరేకించారు. స్వరాన్ని ఊపి పలికే గమకం తగ్గించి గొంతుతో ఆటలాడతాడని ఇంకో విమర్శ. ఇటు మనవాళ్లు "తెలుగువాడని తొక్కేశారు" అన్నారు. అదీ పూర్తి నిజం కాదు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1978లో ఆయనకు తన పెద్ద బిరుదు సంగీత కళానిధి ఇచ్చింది. మన గాయకులే అయిన శ్రీపాద పినాకపాణికి 1983లో, నేదునూరి కృష్ణమూర్తికి 1991లో ఇచ్చింది. పైగా ఆ పినాకపాణి గారే తమిళ దేశపు తంజావూరు బాణీ మీద ప్రాణం పెట్టి, దాన్ని ఆంధ్ర దేశంలో నాటిన మనిషి. ఇక "తెలుగు రుచి" అని ఒకటి గిరి గీసి చూపించడం ఎలా? బాలమురళి పాట కొందరికి నచ్చలేదు, కొందరికి ప్రాణం. మొదటివాళ్లు లక్షణ గ్రంథాలు తీశారు, రెండోవాళ్లు జాతిని తీశారు. మనసులో మాట ఎవరూ అనలేదు.

నా సంగతి చెప్పేస్తాను. నాకు బాలమురళి ఇష్టం, అందులో నా సంగీత జ్ఞానం పాత్ర సున్నా. పొద్దున్నే విజయవాడ రేడియోలో భక్తిరంజని, వంటింట్లో అమ్మ, రామదాసు కీర్తన. ఆ గొంతు చెవిలో పడ్డాక "పలుకే బంగారమాయెనా" ఇంకెవరు పాడినా నాకు ఏదో తక్కువైనట్టే ఉంటుంది. తక్కువైంది ఆ వంటిల్లేమో.

ఇక భాష. తమిళ గాయకులు మన మాటల్ని నమిలేస్తారని, "గ"ని "క" చేస్తారని మన పాత ఫిర్యాదు. నాకూ ఉంది. నగుమోము చరణంలో త్యాగయ్య రాముడితో దాదాపు వెటకారమాడతాడు. నీ గరుత్మంతుడు ఆజ్ఞ విని కూడా కదల్లేదా, ఆకాశం నుంచి భూమికి చాలా దూరమన్నాడా అని నిలదీస్తాడు. మాటలు ఎక్కడపడితే అక్కడ విరిచి పాడితే ఆ దెప్పిపొడుపు పోతుంది, ఉత్త ఏడుపు మిగులుతుంది. కానీ ఇదే బాధ అవతలివాళ్లకూ ఉంది. అర్థం కాని తెలుగు కృతులు ఎన్నాళ్లు వినాలని అక్కడ తమిళ ఇసై (తమిళ సంగీతం) ఉద్యమం వచ్చింది, 1943లో మద్రాసులో తమిళ ఇసై సంఘం పెట్టుకున్నారు. అప్పట్లో మనవాళ్లకు అది సంగీతానికి అపచారంలా కనిపించింది. వాళ్లడిగింది మాత్రం మనం ఇప్పుడు అడుగుతున్నదే, పాట అర్థమవ్వాలని. అన్నట్టు, ఉచ్చారణ మీద విరుచుకుపడే మనలో ఎందరికి ఆ చరణం అర్థం తెలుసో ఒకసారి అడిగి చూడాలి. మా ఇంట్లో అడిగాను. ఒక్కరూ చెప్పలేదు.

మొన్న పట్టుబట్టి శుద్ధ ధైవతంతో నగుమోము విన్నాను, ఒకసారి కాదు, నాలుగుసార్లు. ఒప్పేదో నాకు తెలుసు. దిగులు ఎక్కువున్న పాట, బాగుంది కూడా. అయిదోసారి మాత్రం వేలు దానంతటదే అలవాటైన పాత రికార్డు మీదికి పోయింది.