కిన్నెరను పది సెకన్లకు పిలిచి పంపేస్తారా?

మొన్న ఒక స్నేహితుడు వాట్సాప్‌లో పాట పంపాడు. "రాక్ పాటల కిన్నెర పెట్టిండ్రురా, ఇను" అని. మాది నల్లగొండ. ఇరవై ఏళ్లుగా గిటార్ గోకుతున్నాను కాబట్టి ఇలాంటివన్నీ తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను. మొదటి పది సెకన్లు కిన్నెర, సొరకాయ బుర్రలకు తీగ కట్టిన మన జానపద వాయిద్యం. ప్రాణం లేచొచ్చింది. తర్వాత డ్రమ్స్ ధడేల్‌మని దిగాయి, రెండు గిటార్లు కలిసి గోడ కట్టేశాయి, నాలుగు నిమిషాల పాటలో కిన్నెర మళ్లీ వినపడితే ఒట్టు. వీడియోలో మాత్రం ఆ పెద్దమనిషి చివరిదాకా వాయిస్తూనే ఉన్నాడు, పాపం.

పెళ్లికి పిలిచి, గేటు దగ్గర పన్నీరు చల్లి, బంతిలో విస్తరి వేయడం మర్చిపోయినట్టుంది.

ఇలా మన వాయిద్యాన్ని రాక్‌తో కలపడానికి ఫ్యూజన్ అని పేరు. పేరు బాగానే ఉంది. కొత్త వాయిద్యం తెస్తే పాటలో దానికొక పని ఇవ్వాలి కదా? పని లేనప్పుడు ఎందుకు పిలిచినట్టు? ఫొటోకా?

రాక్‌లోకి బయటి వాయిద్యాలను తెచ్చే అలవాటు ఇవాళ్టిది కాదు. 1965లో బీటిల్స్ వాళ్ల 'నార్వేజియన్ వుడ్'లో జార్జ్ హారిసన్ సితార్ వాయించాడు. అప్పటికి ఆయనకు సితార్ సరిగా రాదు కూడా. రవిశంకర్ దగ్గర కూర్చుని నేర్చుకున్నది ఆ తర్వాతే. రాకపోయినా ఆ పాటలో సితార్ అసలు బాణీనే పట్టుకుంది, మూలన కూర్చోలేదు. మరుసటి ఏడాది రోలింగ్ స్టోన్స్ 'పెయింట్ ఇట్ బ్లాక్'లో బ్రయాన్ జోన్స్ వాయించిన సితార్ తీసేసి చూడండి, పాటకు ముఖమే ఉండదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఏసీడీసీ బ్యాండ్ కథ. 1975లో 'ఇట్స్ ఎ లాంగ్ వే టు ది టాప్' పాటలో బ్యాగ్‌పైప్ పెట్టారు. మనం రిపబ్లిక్ డే పరేడ్‌లో చూస్తామే, చంకలో సంచి పెట్టుకుని ఊదేది, అదే. గాయకుడు బాన్ స్కాట్ చిన్నప్పుడు పైప్ బ్యాండ్‌లో ఉన్నాడని విని, నువ్వే ఊదు అన్నారట. తీరా చూస్తే ఆయన ఆ బ్యాండ్‌లో వాయించింది డ్రమ్. అయినా కాదనకుండా కూర్చుని నేర్చుకున్నాడు. పాటలో గిటార్ ఒక మాట అంటుంది, బ్యాగ్‌పైప్ బదులిస్తుంది. ఇద్దరు బావామరదుల సరసంలా సాగుతుంది. ఎవరూ ఎవరికీ అలంకారం కాదు.

ఆర్‌ఈఎమ్ బ్యాండ్‌లో పీటర్ బక్ అయితే కొత్తగా మాండొలిన్ కొనుక్కుని నేర్చుకుంటూ, ఆ సాధనలోనే ఒక వరుస పట్టాడు. 1991లో ప్రపంచమంతా మోగిన 'లూజింగ్ మై రిలిజియన్' దాని మీద కట్టిందే. వాయిద్యాన్ని పాటలోకి తేలేదు, వాయిద్యంలోంచే పాట వచ్చింది.

ఇక్కడ నన్ను పట్టుకుని "మన సంప్రదాయ వాయిద్యాలను పాడు చేస్తున్నారు" అనేవాళ్లు కూడా తయారవుతారు. అయ్యా, కచేరీలో వయొలిన్ ఎక్కడిది? యూరప్ నుంచి వచ్చింది, ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు పట్టుకున్నారు, ఇవాళ అది లేని కచేరీ ఉందా? మా ఊరి భజన గుడిలో హార్మోనియం ఫ్రాన్స్‌లో పుట్టిన పెట్టె. కలపడం మీద నాకు పేచీ లేదు. కలిపినట్టు నటించడం మీదే.

సరే, నేను సుద్దపూసను కాదు. నా కథా చెప్తాను.

ఇంజనీరింగ్ మూడో ఏడు. కాలేజీ ఫెస్ట్‌కి మేమే కట్టుకున్న పాటలో డప్పు పెడదామనుకున్నాం. మా వెనక వాడలో డప్పు కొట్టే ఒకాయన ఉన్నాడు, నాకు వరసకు మామ అవుతాడు, అంటే ఊరి వరస. వచ్చాడు. మొదటిరోజు ప్రాక్టీస్ సంతలా ఉంది. మా డ్రమ్మర్ స్నేర్ అనే పటపటలాడే చిన్న డ్రమ్ మీద కొడుతున్నాడు, డప్పు కూడా సరిగ్గా ఆ ఎత్తులోనే పలుకుతుంది, రెండూ కలిసి రేకుల షెడ్డు మీద వడగళ్లు పడ్డట్టు మోత. మామ ఆపేశాడు. "అల్లుడా, నా దెబ్బ మీదనే ఆ పిలగాడు దెబ్బేస్తుండు. ఇద్దరం ఒక్కటే మాట మాట్లాడితే ఇనెటోడు ఎవ్వని మాట ఇంటడు?" అన్నాడు.

సౌండ్ ఇంజనీరింగ్ మీద నేను తర్వాత చూసిన వీడియోలన్నీ ఆ ఒక్క మాటనే గంటలు గంటలు చెప్పాయి.

స్నేర్ తీసేశాం, హై హ్యాట్ తాళాలు తీసేశాం, కాలి కింది పెద్ద డ్రమ్ ఒక్కటే ఉంచాం. డ్రమ్మర్ రెండు రోజులు మాతో మాట్లాడలేదు. పాట నడుస్తున్నంతసేపు గిటార్‌కు డిస్టార్షన్, అంటే ఆ గరగర మోత, బంద్. టిక్ టిక్‌మని లయ లెక్కపెట్టే మెట్రోనోమ్ కూడా పక్కన పెట్టేశాం. డప్పు వేడెక్కేకొద్దీ దరువు ఎగబాకుతుంది, దాని అందమే అది. గడియారం ముల్లుకు కట్టేస్తే చచ్చిపోతుంది. మేమే ఆయన వెనక పరుగెత్తడం నేర్చుకున్నాం. వారం పట్టింది.

ఫెస్ట్ రోజు వాన. డప్పు తోలు వాన చెమ్మకు వదులైపోతుందని తెలియని వాళ్లకు చెప్తున్నాను, మంట మీద కాగబెడితేనే మళ్లీ బిగుస్తుంది. కాలేజీలో మంట పెట్టొద్దన్నారు. క్యాంటీన్ వెనక పాత పేపర్లు తగలబెట్టి, డప్పు కాగబెట్టుకుని, టవల్ కప్పి స్టేజీ మీదికి ఉరికాం. రెండో పాటకే మళ్లీ సల్లబడింది. మామ డప్పు కొట్టే చిర్ర పుల్లను నడుములో దోపుకుని, డప్పును స్టేజీ పక్కన ఉన్న హాలోజన్ లైటు ముందు పెట్టి అటూ ఇటూ తిప్పుతుంటే, అది కూడా ప్రోగ్రామ్‌లో భాగమే అనుకుని జనం ఈలలు వేశారు. సౌండ్ అతను మైకు తెచ్చి డప్పుకు ఆనించాడు. ఫట్ ఫట్ తప్ప ఏమీ లేదు. నాలుగు అడుగులు వెనక్కి జరిపించాక అప్పుడు మోగింది. ఒళ్లు జలదరించింది అంటే మామూలు మాట అనుకోకండి, గిటార్ తీగ మీద నా వేళ్లు ఆగిపోయాయి.

అసలు విషయం ఇప్పుడు చెప్తున్నాను. పోస్టర్ మీద మా నలుగురి పేర్లే ఉన్నాయి. ఆయన పేరు లేదు. భోజనానికి నాలుగే టోకెన్లు ఇచ్చారు. మామ బస్టాండు దగ్గర మిర్చి బజ్జీ తిని వాళ్లింటికి పోయాడని మరుసటి రోజు తెలిసింది. స్టేజీ మీద డప్పుకు చోటివ్వడానికి వారం కష్టపడ్డ మాకు, ఐదో టోకెన్ అడగాలని తోచలేదు. ఆ కాలేజీని తిట్టే హక్కు నాకు లేదు, లెక్క తప్పింది మేము కూడా. డప్పు ఎవరి వాయిద్యమో, అది మోగించిన చేతిని ఊళ్లో ఎక్కడ నిలబెట్టారో తెలిసిన వాళ్లమే కదా.

కిన్నెర సంగతి కూడా ఇదే దారి. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అంతకుముందు ఏడాది ఒక సినిమా పాట మొదట్లో ఆయన గొంతు విన్నాకే చాలామందికి కిన్నెర అని ఒకటుందని తెలిసింది. పన్నెండు మెట్ల కిన్నెర చెప్పేది కథ. మెట్లంటే తీగను వేలితో నొక్కే గట్లు. పాలమూరు జానపద వీరుడు పండుగ సాయన్న కథ చెప్పేటప్పుడు గొంతు ఒక మాట అంటే కిన్నెర దాన్ని అందుకుంటుంది. అంత ఓపిక ఉన్న వాయిద్యాన్ని తెచ్చి "పది సెకన్లు వాయించు తాతా, తర్వాత మేం చూసుకుంటం" అంటారా? ఆ మెట్లు చేత్తో అమర్చుకున్నవి, కీబోర్డు కొలతకు కోసినవి కావు. దాన్ని మీ శ్రుతికి లాగే ముందు, మీ గిటార్‌ను దాని శ్రుతికి దించి చూడండి. అరగంట పని. బ్యాండ్‌లో ఒక్కరూ చేయరు.

నారాయణపేట జిల్లాలో బుర్రవీణ అనే తీగ వాయిద్యం వాయించే దాసరి కొండప్ప ఉన్నారు, 2024లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. ఇక మన కుర్రాళ్ల కళ్లు బుర్రవీణ మీద పడతాయి, నా భయమంతా అదే.

ఆ ఫెస్ట్ రికార్డింగ్‌ను కొన్నాళ్ల తర్వాత పెన్ డ్రైవ్‌లో వేసుకుని మామ ఇంటికి పోయాను. ఎవరో ఫోన్‌లో తీసింది, నాణ్యత అంతంతే. మామ మంచం మీద కూర్చుని చివరిదాకా విన్నాడు. డప్పు దగ్గర తల ఊపాడు.

"మంచిగనే ఉంది గని అల్లుడా," అన్నాడు, "మధ్యమధ్యల గా తీగెల చప్పుడు దేనికి పెట్టిండ్రు?"

"అది గిటార్ మామా, నేనే."

"ఔనా," అన్నాడు.