కంటి ఫొటోలో గుండె ఎంతవరకు కనిపిస్తుంది?

షుగర్ ఉన్నవాళ్లకు ఏడాదికోసారి రెటీనా (కంటి వెనక భాగంలోని పొర) ఫొటో తీస్తారు. కంట్లో చుక్కలు వేసి, కాసేపు కూర్చోబెట్టి, కెమెరా ముందు గడ్డం ఆనించమంటారు. ఒంట్లో సన్నటి రక్తనాళాలు కోత లేకుండా నేరుగా కనిపించే చోటు అది. పైగా రెటీనా పిండదశలో మెదడులోంచే పుట్టుకొస్తుంది. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ కంటిలోపలికి చూసే పరికరం చేసినప్పటి నుంచీ డాక్టర్లు అక్కడ మిగతా ఒంటి జబ్బుల జాడ వెతుకుతున్నారు. ఏళ్లతరబడి బీపీ ఎక్కువుంటే ఆ నాళాలు ఇరుకవుతాయి.

2018లో గూగుల్ పరిశోధకులు 2,84,000 మందికి పైగా కంటి ఫొటోలతో కంప్యూటర్‌కు శిక్షణ ఇచ్చారు. అది ఫొటో చూసి వయసును మూడేళ్లు అటూఇటూగా చెప్పింది. ఆడా మగా అన్నదీ చెప్పింది, కంటి డాక్టర్లకే అంతుపట్టని సంగతి అది. ఐదేళ్లలో ఎవరి గుండెకు పెద్ద ముప్పు రావచ్చో కూడా అంచనా వేసింది. నాకు అసలు ముఖ్యమనిపించేది ఆ అంచనాకు వచ్చిన స్కోరు: 0.70. వయసు, బీపీ, కొలెస్ట్రాల్, పొగతాగే అలవాటు చూసి లెక్కకట్టే యూరప్ పాత పద్ధతికి 0.72 వచ్చింది. ఈ స్కోరులో తప్పు లేకుండా చెబితే 1, బొమ్మాబొరుసు వేసి చెప్పినా 0.50 వస్తుంది. అంటే రక్తపరీక్ష లేకుండానే ఫొటో దాదాపు అక్కడిదాకా వచ్చింది, దాటిపోలేదు. ఆ అంచనాలో ఎక్కువ భాగం ఫొటోలో వయసు తెలిసిపోవడం వల్లే వచ్చిందేమో కూడా చూడాలి.

మెదడు సంగతీ ఇంతే. లండన్ మూర్‌ఫీల్డ్స్ కంటి ఆస్పత్రి పరిశోధకులు పాలుపంచుకున్న 2023 నాటి పరిశోధనలో, పార్కిన్సన్స్ (చేతులు వణికించే మెదడు జబ్బు) బయటపడటానికి సగటున ఏడేళ్ల ముందే రెటీనా లోపలి పొరలు పలచబడినట్టు తేలింది. అది వేలమందిని కలిపి చూస్తే కనిపించిన తేడా. ఒక మనిషిని కూర్చోబెట్టి 'నీకు ఈ జబ్బు వస్తుంది' అని చెప్పడానికి చాలదు. చెప్పి టెన్షన్ పెట్టడం అన్యాయం కూడా.

గూగుల్ వాడిన ఫొటోలు బ్రిటన్, అమెరికాల్లో సేకరించినవి. మనవాళ్లకు షుగర్, గుండెజబ్బు చిన్న వయసులోనే వస్తున్నాయి. అక్కడి లెక్క ఇక్కడ కుదురుతుందని ముందే నమ్మకూడదు. ఎల్వీ ప్రసాద్ కంటి సంస్థకు తెలుగు పల్లెల్లో విజన్ సెంటర్లున్నాయి. ఎప్పుడూ బీపీ చూపించుకోనివాళ్లు కూడా కళ్లజోడు కోసం అలాంటి చోట్లకు వస్తారు. వాళ్ల అనుమతితో ఫొటోలు దాచి, పదేళ్లపాటు ఆరోగ్యం గమనిస్తే మన లెక్క మనకు దొరుకుతుంది. అది తేలకముందే 'కంటితో గుండె టెస్టు' అని ప్యాకేజీలు అమ్మనివ్వకూడదు. ఈలోపు కళ్లజోడుకు వచ్చిన పెద్దవాళ్లందరికీ అక్కడే బీపీ చూడొచ్చు, రెండు నిమిషాల పని.