పాలసీ ఉంది, పైసలేవి?

తోతాపురి మామిడి కోతకొచ్చిందంటే చిత్తూరు జిల్లా రోడ్ల మీద ట్రాక్టర్లదే రాజ్యం. 2025 జూన్, జూలైలలో గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు అవి రోజుల తరబడి బారులు తీరడం అందరం చూశాం. అలా రాత్రంతా వరుసలో నిలబడి, తెల్లారుజామున కాయ దించుకుని, నిద్రమత్తులో ఖాళీ ట్రాలీతో ఇంటిదారి పట్టిన బండిని లారీ గుద్దితే ఏమవుతుందో ఏ మెకానిక్ షెడ్డులో అడిగినా చెబుతారు. చాలాసార్లు ట్రాక్టర్ రెండు ముక్కలవుతుంది. లారీకి ఉన్నట్టు దానికి ఛాసిస్ ఉండదు. ఇంజిను, గేరుబాక్సే దాని వెన్నెముక. క్లచ్ హౌసింగ్ దగ్గర పటుక్కున విరిగి ఇంజిను ఒకపక్క, పెద్ద చక్రాలు ఒకపక్క పడతాయి.

షెడ్డులో చాప మీద పరిచిన ఆ ముక్కల పక్కన నిలబడి రైతు అనే మాట ఒకటే. ‘ఇన్సూరెన్సు ఉంది కదన్నా, వచ్చేస్తుందిలే.’ నెల తిరిగేసరికి ఆ ధీమా కాస్తా టెన్షన్‌గా మారుతుంది. ఎస్టిమేట్ ఒకటి, చేతికొచ్చేది ఇంకొకటి. కొన్నిసార్లు అదీ రాదు.

ఇందులో ఇన్సూరెన్సు కంపెనీలు చెప్పే కారణాలన్నీ అబద్ధాలని మేము అనం. చాలావరకు పాలసీ కాగితంలో ఉన్నవే. మా అభ్యంతరం అసలు ఆ కాగితం గురించే. షోరూంలో ట్రాక్టర్ బేరం కుదిరిన రోజు లోను కాగితాలతో పాటు పాలసీకి కూడా రైతు చేత సంతకాలు పెట్టిస్తారు. ఏ కంపెనీయో, ఏ పాలసీయో ఎంచుకునేది ఎక్కువగా డీలరో, ఫైనాన్సువాళ్ళో. ఇంగ్లీషులో ఉన్న నాలుగు పేజీలు ఆర్‌సీ కవర్లో దూరి, ప్రమాదం జరిగేదాకా అక్కడే ఉంటాయి. లోను తీరాక రెన్యువల్‌కి వెళ్ళిన రైతు పోలీసులు ఆపితే చూపించడానికి చాలు కదా అని థర్డ్ పార్టీ ఒక్కటే కట్టి వస్తాడు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసింది దాన్నే. మన బండి వల్ల ఎదుటివాడికి జరిగిన నష్టానికి అది పనికొస్తుంది. మన బండి విరిగితే ఒక్క రూపాయి రాదు. ఈ ఒక్క ముక్క కౌంటర్ దగ్గర తెలుగులో చెప్పేవాళ్ళుంటే సగం గొడవలు ఉండవు.

సొంత బండి నష్టానికి కూడా వర్తించే పూర్తి పాలసీ ఉన్నవాళ్ళ సంగతి చూద్దాం. బీమా లెక్కల్లో ట్రాక్టర్ కార్ల వర్గంలోకి రాదు, ‘ఇతర, ప్రత్యేక తరహా వాహనాల’ వర్గంలోకి వస్తుంది. ఆ వర్గానికి ఒక మెలిక ఉంది. బండి మొత్తంగా పోతే తప్ప టైర్లు, ట్యూబులు, లైట్లు, మడ్‌గార్డులు, బానెట్, పెయింటు ఖర్చు ఇవ్వరు. కావాలంటే ఐఎంటీ 23 అనే అదనపు కవరు (రక్షణ) కొంచెం ఎక్కువ ప్రీమియం కట్టి తీసుకోవాలి. ట్రాక్టర్‌ను గుద్దితే ముందు పోయేవి ఇవే. ఈ కవరు పేరు విన్న రైతులు మా జిల్లాల్లో ఎంతమంది ఉంటారో ఊహించుకోవచ్చు.

ఒక లెక్క వేసి చూద్దాం. కొని రెండేళ్ళు దాటిన ట్రాక్టర్, రిపేరు ఎస్టిమేట్ 1,80,000 రూపాయలు. అందులో ఇనుప భాగాలు 1,10,000, టైర్లు 30,000, బానెట్, మడ్‌గార్డులు, లైట్లు 25,000, లేబరు 15,000 అనుకుందాం. రెండు, మూడేళ్ళ మధ్య వయసున్న బండికి ఇనుప భాగాల మీద పాతబడినందుకు 15 శాతం తరుగు తీస్తారు. మిగిలేది 93,500. అదనపు కవరు లేదు కాబట్టి టైర్లు, బానెట్ సున్నా. లేబరు కలిపితే 1,08,500. అందులోంచి తప్పనిసరి ఎక్సెస్ కింద, అంటే ప్రతి క్లెయిములో రైతే భరించాల్సిన వాటా కింద, ఇంకొంత పోతుంది. కవరు ఉన్నా టైర్లకు, బ్యాటరీకి సగం తరుగు ఎలాగూ ఉంటుంది. దున్నేటప్పుడు వెనక తగిలించిన రోటవేటర్ విరిగితే దాని ఊసే ఉండదు, విడిగా బీమా చేయించి ఉంటే తప్ప. ట్రాలీ కూడా అంతే. పాలసీలో దాని నంబరు లేకపోతే పాలసీకి సంబంధించినంతవరకు అది లేనట్టే.

ఇక అసలైన తగాదా ‘వ్యవసాయ అవసరాలకు మాత్రమే’ అన్న ఒక్క వాక్యం దగ్గర వస్తుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వ్యవసాయ ట్రాక్టర్ అంటే పొలం పనిముట్లతో పనిచేసేది, ట్రాలీతో వ్యవసాయ సరుకు మోసేది. మామిడి, చెరకు, పేడ ఎరువు ఆ నిర్వచనంలో ఇమిడిపోతాయి. పక్క రైతు కాయను డీజిలు డబ్బులు తీసుకుని ఫ్యాక్టరీకి తోలితే? నష్టం లెక్కగట్టడానికి కంపెనీ పెట్టే సర్వేయర్ పెన్ను అక్కడే ఆగుతుంది. ఇటుకలు, ఇసుక సంగతి అడగనక్కర్లేదు. విచిత్రమేమిటంటే, సొంత అవసరానికి ట్రాక్టర్‌లో ఇసుక ఉచితంగా తెచ్చుకోవచ్చని 2024 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వమే చెప్పింది. స్వర్ణముఖి నది ఇసుకతో వస్తూ బండి బోల్తా పడితే మాత్రం రైతు షరతు తప్పినవాడవుతాడు. ఒక ప్రభుత్వం రమ్మన్న దారిలో పోయినందుకు ఒక కంపెనీ క్లెయిమ్ కొట్టేయడం ఏం న్యాయం? వాడకం షరతు తప్పినా మొత్తం తోసిపుచ్చకుండా ‘నాన్ స్టాండర్డ్’ పద్ధతిలో 75 శాతం దాకా ఇచ్చే వీలుందని 2010లో అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు గుర్తుచేసింది. ఆ మాట రైతుకు చెప్పే బాధ్యత ఎవరూ తీసుకోరు.

ఇక్కడ రైతులతో కూడా కొంచెం కటువుగా మాట్లాడాలి. 2022 డిసెంబరులో పూతలపట్టు మండలంలో పెళ్ళివాళ్ళతో వెళ్తున్న ట్రాక్టర్ బోల్తా పడి ఆరుగురు చనిపోయారు. ట్రాలీలో మనుషుల్ని ఎక్కించుకుంటే డబ్బు సంగతి తర్వాత, ముందు ప్రాణాలే పోతాయి. కూలీలను తోలినా, జాతరకు తోలినా అంతే. దాన్ని కవర్ చేయలేదని కంపెనీని తిట్టడంలో అర్థం లేదు. అలాగే యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉన్నా, అతనికి లైసెన్సు లేకపోతే ఆ కుటుంబానికి అది అందదు. ‘పొలంలో తోలేదానికి లైసెన్సెందుకు’ అనే మాట మన ఊళ్ళలో ఇంకా వినపడుతూనే ఉంది.

వరద క్లెయిములది ఇంకో బాధ. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగినప్పుడు తిరుపతి చుట్టూ నీళ్ళు ఎంత ఎత్తున నిలిచాయో ఎవరూ మరిచిపోలేదు. నీళ్ళు తగ్గగానే ఎవరైనా చేసే మొదటి పని బండి పనిచేస్తుందా లేదా అని సెల్ఫ్ కొట్టి చూడడం. సిలిండర్లోకి చేరిన నీరు గాలిలా అణగదు. పిస్టన్ దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. వరద నష్టం కవర్ అవుతుంది గానీ, మునిగిన ఇంజిన్ను స్టార్ట్ చేసినందువల్ల వచ్చిన నష్టం ‘పర్యవసాన నష్టం’ అని సర్వేయర్ రాసేస్తాడు. ఒక్క తాళం తిప్పినందుకు ఇంజిను ఖర్చంతా రైతు నెత్తిన పడుతుంది. మునిగిన బండిని స్టార్ట్ చేయకుండా ఫొటోలు తీసి, కంపెనీకి ఫోన్ చేసి, లాక్కుని షెడ్డుకు తీసుకెళ్ళమని ప్రతి తుఫాను హెచ్చరికతో పాటు ఒక్క లైను చెబితే చాలు. నాట్లు, పశువుల గురించి చెప్పే వ్యవసాయ శాఖకు ఇది అదనపు భారమేమీ కాదు.

కాలయాపన మీద నియమాలు ఇప్పుడు బాగానే ఉన్నాయి. 24 గంటల్లో సర్వేయర్‌ను పెట్టాలి, 15 రోజుల్లో అతని నివేదిక రావాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ ఏదో ఒకటి తేల్చాలి అని బీమా నియంత్రణ సంస్థ 2024లో చెప్పింది. కాగితాలు లేవన్న సాకుతో క్లెయిమ్ కొట్టేయకూడదని కూడా అదే ఏడాది ఆదేశించింది. ఆలస్యంగా చెప్పావన్న ఒక్క కారణంతో తోసిపుచ్చడం చెల్లదని 2020లో సుప్రీంకోర్టు తేల్చిన కేసు కూడా ట్రాక్టర్‌దే. అది దొంగతనం కేసు. పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసిన యజమాని కంపెనీకి యాభై రోజులు దాటాక చెప్పాడు. అయినా గెలిచాడు. ట్రాలీ తగిలించినంత మాత్రాన ట్రాక్టర్ లైసెన్సు చెల్లకుండా పోదని 2001లోనే తీర్పు ఉంది.

రాసి ఉన్న హక్కు రైతు చేతికి రావాలంటే దారి తెలియాలి. క్లెయిమ్ కాదంటే ఎందుకు కాదో రాతపూర్వకంగా అడగాలి. కంపెనీ నెలలోగా జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. పైసా ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు. లేదంటే చిత్తూరు, తిరుపతి వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి, ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. నియంత్రణ సంస్థ ఫోన్ నంబరు 155255.

ఇవన్నీ ప్రమాదం జరిగాక పట్టే దారులు. ముందే చేయాల్సింది కలెక్టర్ల చేతిలో ఉంది. జిల్లా స్థాయి బ్యాంకర్ల సమావేశాల్లో పంట రుణాల లక్ష్యాలు చదువుతారు, ట్రాక్టర్ లోన్లు ఎన్ని ఇచ్చారో చదువుతారు. తాము లోను ఇచ్చిన ట్రాక్టర్లలో ఎన్నింటికి పూర్తి పాలసీ ఉంది, ఎన్నింటికి టైర్లు, బానెట్ కవరు (ఐఎంటీ 23) ఉంది, ఎన్ని క్లెయిములు ఏ కారణంతో ఆగాయి అన్నది కూడా వచ్చే సమావేశంలో బ్యాంకుల చేత చెప్పించాలి. షోరూంలో తాళాలు ఇచ్చేముందు ఏది కవర్ అవుతుందో, ఏది కాదో తెలుగులో ఒక పేజీ రాసి రైతు చేతిలో పెట్టాలని డీలర్లకు చెప్పాలి. వచ్చే మామిడి సీజన్లో ఆ ఫ్యాక్టరీ గేట్ల ముందు నిలబడబోయే కొత్త ట్రాక్టర్లకైనా ఆ కాగితం అందాలి.