మధ్య ముక్క ఎవరిది?

అమ్మాయిలు తలా ఒక ముక్క కుట్టి, సమానత్వం మీద ఒకే బొంత తయారుచేశారన్న ఈ వ్యాసం బాగుంది. కానీ ముక్కల మీది మాటల గురించే అంతా రాశారు. 'గౌరవం', 'స్నేహం' లాంటివి పోస్టర్ మీదా రాసుకోవచ్చు. కుట్టేటప్పుడు వచ్చిన పేచీలు రాసుంటే ఇంకా బాగుండేది.

బొంత పనిలో తంటా అంతా అంచు దగ్గరే. 12 అంగుళాల ముక్క కావాలంటే 12న్నర కత్తిరించి, చుట్టూ పావు అంగుళం వదిలి కుట్టాలి. ఒక్కో అంచుకి ఎనిమిదో వంతు అంగుళం ఎక్కువ తీసుకున్నా, రెండు వైపులా కలిపి ముక్క పావు అంగుళం తగ్గిపోతుంది. 8 ముక్కల వరసంతా అలాగే కుడితే 2 అంగుళాలు గోవిందా! పక్క వరసతో కలవదు, లాగి కుడితే ముడతలు. అప్పుడు విప్పమని ఎవరు చెప్పాలి? చేయి తిరిగిన ఇద్దరే అందరివీ సరిచేసేస్తే (ఎక్కువగా జరిగేది అదే) మిగతావాళ్లు ఊరికే కూర్చున్నట్టు.

ఎయిడ్స్‌తో చనిపోయినవాళ్ల కోసం అమెరికాలో 1987లో మొదలైన స్మారక బొంతలో ఒక్కో ముక్క 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు. కొలత మాత్రం అందరికీ ఒకటే, లోపల ఏం కుట్టాలన్నది వాళ్లవాళ్ల ఇష్టం. నాకు నచ్చే పద్ధతి అదే.

ఇంతకీ మధ్య ముక్క ఎవరిదో ఎలా తేల్చారు? చీటీలు వేశారా, టీచరే చెప్పేశారా? ఫోటోలో ఎర్ర బట్ట చాలా కనిపిస్తోంది. ముందే ఉతికి రంగు పోతుందేమో చూసుకున్నారా?