పిపెట్ కింద పెడితే ఓడిపోయినట్టేనా?

బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ, ఆపైన పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన కొలువు), మొత్తం పదమూడేళ్ళు ల్యాబులోనే. మాకు బాగా తెలిసిన అలాంటి ఒకాయన ల్యాబు వదిలి, పరిశోధనలకు గ్రాంట్లు, అనుమతులు, లెక్కలు చూసే రీసెర్చ్ మేనేజర్‌గా చేరాడని తెలిసి, దేవరకొండ దగ్గర ఆయన సొంతూళ్ళో జనం అడిగింది ఒక్కటే: "గంత చదివి ఇదేం కొలువు బిడ్డా, క్లర్కు పనా?"

ఊరివాళ్ళను అని లాభం లేదు. యూనివర్సిటీల్లో పెద్ద సార్లూ లోపల అనుకునేది అదే, కాకపోతే ఇంగ్లిష్‌లో అనుకుంటారు. పేపర్లు రాక వదిలాడని, గ్రాంటు దొరక్క వదిలాడని. అదే మనిషి డైరెక్టరో వీసీయో అయితే మాత్రం దండలు, ఫ్లెక్సీలు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి డైరెక్టర్‌గా చేసిన లాల్జీ సింగ్ 2011లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి వీసీగా వెళ్తే గర్వపడ్డాం కదా, మరి గ్రాంట్ ఆఫీసులో కూర్చున్నవాడిని చూసి జాలెందుకు?

ఆ పదమూడేళ్ళలో ఆయన రోజు ఎలా గడిచిందో వింటే సంగతి అర్థమవుతుంది. రీజెంట్ (పరీక్షకు వాడే రసాయనం) కొనాలంటే సర్కారు కొనుగోళ్ళ వెబ్‌సైటు జెమ్ పోర్టల్, అక్కడ లేదంటే మూడు కొటేషన్లు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మీద పనిచేసే పిల్లలకు 2023 నుంచి నెలకు 37 వేలని ఉత్తర్వులో ఉంటుంది, విడత పడేదాకా గది అద్దె కట్టేది ఎవరు? మార్చి వస్తే, గ్రాంటు దేనికి ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ టెన్షన్. ఒక ఏడాది గ్రాంటు డబ్బు మీద వచ్చిన బ్యాంకు వడ్డీని విడిగా చూపలేదని ఆ సర్టిఫికెట్ తిరిగొచ్చింది. దాంతో రెండో విడత ఆగింది, విడత ఆగేసరికి కిట్ల గడువు తీరిపోయింది, నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు వంగిపోయే నల్లగొండ ఊళ్ళలో తిరిగి తెచ్చిన రక్తం, మూత్రం నమూనాలు మైనస్ ఎనభై ఫ్రీజర్‌లో అలాగే ఉండిపోయాయి. వడ్డీ ఎంతనుకున్నారు? నాలుగంకెలు కూడా లేదు.

ఈ పని సైన్సు తెలియని గుమస్తా చేయలేడు, లెక్కలు తెలియని సైంటిస్టూ చేయలేడు. రెండూ తెలిసిన మనిషి కావాలి, దానికి శిక్షణ కావాలి. పరిశోధనలకు నిధులిచ్చే సంస్థ, హైదరాబాద్‌లోనే ఉన్న ఇండియా అలయన్స్, రీసెర్చ్ మేనేజ్‌మెంట్‌ను ఒక వృత్తిగానే చూసి ఫెలోషిప్పులు ఇచ్చింది. అక్కడి నుంచి నల్లగొండ వంద కిలోమీటర్లే, ఆ ఆలోచన మాత్రం ఇంకా దారిలోనే ఉన్నట్టుంది.

ఇలాంటి మనిషి మన నల్లగొండకే ఎక్కువ అవసరం. ఎందుకంటే, నీళ్ళలో ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. పేరు మనది, ఎముకలు మనవి, ప్రాజెక్టు ఎప్పుడూ బయటివాళ్ళది. ఫ్లోరైడ్ పీడిత మర్రిగూడలో నడుము వంగిన ముసలమ్మ దగ్గర నమూనా తీసుకోవాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, ఆమెకు అర్థమయ్యే తెలుగులో సమ్మతి పత్రం ఉండాలి, ఒక డాక్టరు, ఒక భూగర్భ శాస్త్రవేత్త, ఒక బయోకెమిస్టు ఒకే తాటి మీద నడవాలి. ఇదంతా క్లాసులు చెప్పుకునే ప్రొఫెసర్ నెత్తిన 'అడిషనల్ ఛార్జీ'గా పెడితే నడవదు.

నల్లగొండలో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం 2007లో వచ్చింది, పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో. 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ ఇలాంటి రాష్ట్ర వర్సిటీలను పెద్ద సంస్థలతో జత కలిపే పథకం తెచ్చింది. మంచిదే, కానీ దరఖాస్తు రాసేది ఎవరు, వచ్చిన డబ్బును నడిపేది ఎవరు? రెండు చోట్లా లైఫ్ సైన్సెస్ పీహెచ్‌డీ ఉన్నవాళ్ళకు రెగ్యులర్ రీసెర్చ్ మేనేజర్ పోస్టులు ఇవ్వాలి, అధ్యాపకులతో సమానమైన స్కేలు ఇవ్వాలి, కావాలంటే మళ్ళీ ల్యాబుకు వెళ్ళే దారీ ఉంచాలి. ఆ పోస్టులను పైరవీలు చేసినవారికి విశ్రాంతి కుర్చీలుగా మారిస్తే, ఫైలు మీద ఇంకో సంతకం పెరగడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

ఇంతకీ ఆ నమూనాలు ఏమయ్యాయని ఆయన్ని అడిగాం. ఒక ఎండాకాలం రాత్రి కరెంటు పోయిందట. జనరేటర్ ఉంది, డీజిల్ లేదు. డీజిల్ బిల్లు ఏ హెడ్ (ఖర్చు పద్దు) కింద రాయాలో అప్పటికి రెండు నెలలుగా ఫైలు తిరుగుతోందట.